సగం చెప్పిన మాట

టూరిస్టు బండ్లు నడుపుతున్న తమ్ముళ్ళకు ఒక సంగతి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. కళ్ళలో శుక్లాలు వచ్చి స్టీరింగు వదిలేశాక తీరిక దొరికింది కానీ ధైర్యం దొరకలేదు. ఇది రాస్తూ కూడా మధ్యలో రెండుసార్లు లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఎవరి పేర్లూ రాయను. నా పేరుతోనూ పని లేదు. ఖమ్మంలో కార్ల స్టాండు దగ్గర నిలబడి "భాయ్" అని పిలిస్తే పలికేవాళ్ళలో నేనొకణ్ణి, అంతే.

మా నాన్న గాజులమ్మేవాడు. బస్సు మీద గాజుల పెట్టెలు వేసుకుని ములకలపల్లి వైపు వెళ్ళి, వారం పది రోజులు అక్కడే ఉండి సంత సంతకూ తిరిగేవాడు. బడి సెలవుల్లో నన్నూ తీసుకుపోయేవాడు. గాజులు తొడిగించుకునే ఆడవాళ్ళ మాటలు వింటూ వింటూ నాకు కోయ భాష కొంత అబ్బింది. మంచీ చెడూ అడగడం, తిండీ తిప్పల సంగతులు, కొన్ని తిట్లు. పెద్దయి డ్రైవరునయ్యాక ఆ కొంత భాషే నాకు పెద్ద గుర్తింపు తెచ్చింది. "మా డ్రైవరుకు కోయ కూడా వస్తది సార్" అని మా బండ్ల సేటు గిరాకీలకు గొప్పగా చెప్పేవాడు.

ముప్పై ఏళ్ళకు పైగా తోలాను. బండెక్కిన ప్రతి మనిషీ తన ఊరిని డిక్కీలో వేసుకుని వచ్చేవాడు. కొత్తగూడెంలో రైలు దిగి, స్టేషను బోర్డు మీద భద్రాచలం రోడ్ అని చదివి, గుడి ఏ పక్కన అని అడిగేవాళ్ళు. "రోడ్డొచ్చింది సార్, భద్రాచలం ఇంకా రాలేదు" అనేవాణ్ణి. ఇంకా గంట పడుతుందనగానే, మా దగ్గరైతే స్టేషను పక్కనే గుడి అని నా మీద విసుక్కునేవాళ్ళు. కోనసీమ నుంచి వచ్చిన ఒక పెద్దాయన భద్రాచలం వంతెన మీద బండి ఆపించి, గోదావరిని కాసేపు చూసి, "మా దగ్గర ఇంతకంటే వెడల్పండీ" అన్నాడు. అదీ ఇదీ ఒకటే నది కదా సార్ అంటే ఆయనకు నచ్చలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మొదటిసారి హైదరాబాదు పోయినప్పుడు, ఒక్కడూ "యాడికెల్లి వచ్చినవ్" అని అడగలేదని ఆ ఊరికి మర్యాద తెలియదని తీర్పు చెప్పి వచ్చాను.

ఎవరేమన్నా నేను "అవ్ సార్, మీ దగ్గర వేరే కదా" అనేవాణ్ణి. గిరాకీ మనసు చల్లబడేది. బండి నడపడం నా ఉద్యోగంలో సగమైతే, ఈ "అవ్" మిగతా సగం.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఇప్పపూలు రాలే రోజులు. హైదరాబాదు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. మంచివాళ్ళు, ఆ మాట ముందే చెప్పాలి. దారిలో ఆగినప్పుడల్లా నేను టీ తాగానో లేదో ఆమె కనుక్కునేది. నన్ను అంకుల్ అని పిలిచేది. భద్రాచలం పోయే ముందు నిజమైన అడవి ఊరు ఒకటి చూపించమంది. ములకలపల్లి దాటాక, రోడ్డుకు లోపలగా పది ఇళ్ళున్న గూడెం ఒకటి నాకు తెలుసు. మా నాన్న దగ్గర గాజులు తొడిగించుకున్న ఒక ముసలమ్మ అక్కడ ఉండేది. చనువుంది కదా అని, ఎవరినీ అడగకుండా నేరుగా తీసుకుపోయాను.

మొదటి ఇంటి ముందు ముసలమ్మ మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, ఒంటి మీద చొక్కా లేకుండా కూర్చుని కత్తితో పచ్చి మామిడికాయ కోసుకుంటోంది. పక్కనే పొయ్యిలో నిప్పులు ఇంకా ఆరలేదు. ఇంటికి తడిక వారగా వేసి ఉంది. పెద్దవాళ్ళు కనబడలేదు.

"అంకుల్, చేతిలో కత్తి!" అని ఆమె గుండె పట్టుకుంది. "ఇంటికి తలుపు కూడా లేదు. పెద్దవాళ్ళెవరూ లేరా?"

"పనికి పోయుంటరు మేడమ్."

"ఇంత చిన్న పిల్లను ఒంటరిగా వదిలేసా?"

"అవ్ మేడమ్."

ఒంటరిగా కాదని నాకు తెలుసు. మూడిళ్ళ అవతల ముసలమ్మ ఇప్పపూలు ఎండబోస్తూ ఉంటుందని తెలుసు. ఆ పిల్ల కాస్త గట్టిగా ఏడిస్తే పదిళ్ళ వాళ్ళూ వస్తారని తెలుసు. తల్లి తెల్లవారకముందే పూలకు పోయి ఎండ ముదిరేసరికి తిరిగొస్తుందని, తండ్రి ఖమ్మం వైపు మిర్చి తోటలకు కూలికి పోయుంటాడని తెలుసు. చెప్పాలంటే పది మాటలు కావాలి. మధ్యాహ్నం గుడి మూసేలోపు దర్శనం చేయించాలి. "అవ్" అయితే ఒక్క మాట.

ఆమె ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టింది. "ఏం తిందో అడగండి అంకుల్."

అడిగాను. పిల్ల తలెత్తకుండానే తన భాషలో చెప్పింది. మొన్న పెళ్ళిలో మాంసం కూర, అన్నం తిన్నానంది. ఇందాక జావ తాగానంది. అమ్మ పూల నుంచి వచ్చాక వండుతుందంది. చిన్నపిల్లలు అంతే కదా, ఏం తిన్నావంటే అన్నిటికంటే రుచిగా తిన్నది ముందు చెబుతారు.

"మొన్న అన్నం తిన్నదట మేడమ్" అన్నాను.

"మొన్నా? అంటే తిని రెండు రోజులైందా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జావ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నేనెందుకు ఆగానో ఎన్నిసార్లు ఆలోచించినా ఒకే జవాబు రాదు. టైము అయిపోతోందని కొంత. అక్కడ పొద్దుటి తిండి జావేనని మళ్ళీ చెప్పుకురావాలన్న బద్ధకం కొంత. కానీ అసలు సంగతి ఇంకొకటి. నా ఒక్క మాటకు పట్నం మనిషి అంతగా కరిగిపోవడం నాకు బాగుంది. ఆ నీళ్ళు ఆరిపోయే మాట చెప్పబుద్ధి కాలేదు.

"అవ్ మేడమ్" అన్నాను.

ఆమె బిస్కెట్ల పొట్లం ఇచ్చింది. పిల్ల ఒకటి వాసన చూసి పక్కన పెట్టి మళ్ళీ మామిడికాయ అందుకుంది. "చూడండి, తరవాతకు దాచుకుంటోంది" అని ఆమె భర్తతో అంది. నేను బండి స్టార్టు చేశాను.

నాలుగు రోజుల తర్వాత స్టాండులో ఒక డ్రైవరు తన ఫోను నా ముందు పెట్టాడు. "భాయ్, గీ గొంతు నీదే కదా?" పిల్ల, కత్తి, తడిక, నా "అవ్ మేడమ్". మేడమ్ పెట్టిన ఆ వీడియో వేల మంది చూశారట. చుట్టూ ఉన్నవాళ్ళు వీపు చరిచారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజంతా నేను కాలరెగరేసుకుని తిరిగాను.

రెండు వారాలకు వేరే గిరాకీతో అదే దారిన పోతుంటే ముసలమ్మ రోడ్డు మీదికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. బండి దిగాను. ఆమె కోయలోనే మాట్లాడింది. నాకు గుర్తున్నంతలో మన తెలుగులో రాస్తున్నాను.

"బిడ్డా, ఆఫీసరోళ్ళొచ్చి మా పిల్లను తీస్కపోయిండ్రు. టౌనుల ఏదో పిల్లల ఇంట్ల పెట్టిండ్రు. మేం తిండి పెడతలేమని ఎవడో చెప్పిండట. నీ అయ్యను ఎరుగుదును, నిన్నెరుగుదును. నువ్వు నలుగురిల తిరిగేటోడివి. వాడెవడో జర కనుక్కో."

నేను రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాను. కారులోంచి టూరిస్టు తల బయటికి పెట్టి, ముసలావిడ ఏమంటోందని అడిగాడు.

"బాగున్నవా అని అడుగుతంది సార్" అన్నాను. అంత జరిగాక కూడా నా నోటికి బుద్ధి రాలేదు.

ఇంతలో పిల్ల తల్లి వచ్చింది. ఆమెకు తెలుగు బాగానే వచ్చు. "ఎల్లుండి మల్ల రమ్మన్నరన్నా. కొత్తగూడెం ఆఫీసుల నాకు నోరు పెగుల్తలేదు. అడిగిందానికి తలకాయ ఊపి వస్తన్న. నువ్వు జర వచ్చి చెప్పరాదే."

వస్తానన్నాను. ఇంకేమనగలను?

ఖమ్మం చేరాక సేటుతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. బండ్లు తిరిగితేనే ఆయనకు నిద్ర పట్టేది.

"వీడియోల నీ మొఖం కనబడ్తదా? కనబడది. గొంతే కదా, గొంతులు లోకంల ఎన్ని లేవు? గిరాకీ మీద ఉల్టా మాట్లాడినవని తెలిస్తే రేపు మన బండి ఎవలెక్కుతరు భాయ్?"

"ఎల్లుండి నేను డ్యూటీకి రాను సేటూ."

"గట్లయితే ఆవలెల్లుండి కూడా రాకు" అన్నాడు.

ఆ సాయంత్రమే హైదరాబాదు మేడమ్‌కు ఫోను చేశాను. పిల్ల జావ తాగానని చెప్పిందని, నేను ఆ మాట మింగేశానని చెప్పాను.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు అంకుల్? నేను మీరు చెప్పిందే కదా నమ్మింది."

ఎల్లుండి ఆ ఆఫీసుకు పోయి ఇదే చెబుతానన్నాను.

"నన్ను కూడా రమ్మన్నారు. రాలేకపోతే ఫోన్లో మాట్లాడినా చాలన్నారు. కానీ వస్తాను" అని పెట్టేసింది.

రమ్మన్న రోజు బస్సులో కొత్తగూడెం పోయాను. పిల్ల తల్లి అప్పటికే బస్టాండులో కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల గౌను, వేయించిన ఇప్పపూల మూట. ఆ మాట చెప్పింది నేనేనని ఆఫీసుదాకా నడుస్తూ చెబుదామనుకున్నాను. ఆమె తన ధ్యాసలో తానుంది. "అది నా చెవి పట్టుకోందే పండదన్నా. గాడ ఎవల చెవి పట్టుకుంటందో" అంది. నేను నోరు తెరిచి, జల్దీ నడువమ్మా టైమైతంది అన్నాను. టైము కాలేదు. ఇంకా అరగంట ఉంది.

పిల్లల విషయాలు చూసే ఆ ఆఫీసులో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నది తల నెరిసిన మేడమ్. ఓపికగా మాట్లాడే మనిషి. ఫిర్యాదు వచ్చింది, వీడియో ఉంది, చూసీ చూడనట్టు ఉండలేరు కదా, వాళ్ళ పని వాళ్ళు చేశారు. హైదరాబాదు మేడమ్ ఓ పక్క కుర్చీలో కూర్చుంది. నా వైపు చూడలేదు.

"ముందు ఇది అందరం ఒకసారి చూద్దాం" అని పెద్ద మేడమ్ వీడియో పెట్టించింది.

తన పిల్ల కనబడగానే తల్లి ముందుకు వంగింది. తర్వాత నా గొంతు వినబడింది. మొన్న అన్నం తిన్నదట మేడమ్. అవ్ మేడమ్. తల్లి ఫోను మీది నుంచి చూపు తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. విన్నది తప్పేమో, తను పొరబడిందేమో అన్నట్టు చూసింది. ఆ చూపు కంటే కొట్టినా బాగుండేది.

లేచి నిలబడ్డాను. "ఆ గొంతు నాది మేడమ్. పిల్ల జావ తాగిన్నని కూడా చెప్పింది. అమ్మ వచ్చి వండుతదన్నది. నేను ఒక్క ముక్క చెప్పి మిగతాది చెప్పలే. నాయనమ్మ ఆడ్నే ఉన్నదని కూడా తెలుసు నాకు. అదీ చెప్పలే."

పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసింది. "మీకు ఆ భాష సరిగ్గా రాదా? అర్థం కాలేదా?"

ఆమె దయతో అడిగింది. నాకు తప్పించుకునే దారి చూపించింది. అక్కడ కూడా ఒక్క "అవ్" అంటే చాలు, పొరపాటు అని రాసుకుని వదిలేసేవాళ్ళు. తల్లి కూడా బహుశా నమ్మేది.

"వచ్చు మేడమ్. అర్థమైంది. కావాలనే చెప్పలే."

హైదరాబాదు మేడమ్ అంది, "నేను కూడా ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ పాప చేతిలో కత్తి చూడగానే నాకు మా బాబు గుర్తొచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. ఇప్పటికీ కత్తి ముట్టుకోనివ్వను."

అప్పుడు తల్లి మొదటిసారి నోరు విప్పింది, నా సాయం లేకుండానే. "మీ బాబు ఏడుండమ్మా ఇయ్యాల?"

"ఇంట్లో."

"ఎవలున్నరు తోడు?"

"ఎవరూ లేరు. మా ఆయన ఆఫీసుకెళ్ళారు. లోపల గడియ పెట్టుకుని ఉంటాడు. నేను చూస్తూనే ఉంటాను." ఆమె ఫోనులో కెమెరా బొమ్మ తెరిచి చూపించింది. పెద్ద హాలు, కర్టెన్లు వేసి ఉన్నాయి, సోఫాలో ఒక పిల్లవాడు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఏదో తింటున్నాడు.

తల్లి చాలాసేపు చూసింది. "పక్కింట్ల ఎవలుంటరు?"

ఆమె చెప్పబోయి ఆగింది. పేరు గుర్తు రాలేదో, తెలియదో.

"అయ్యో" అంది తల్లి. ఎత్తిపొడుపు కాదది. నిజంగానే ఆ పిల్లవాడి కోసం ఆమె మనసు కష్టపడింది. హైదరాబాదు మేడమ్ ముఖం ఎర్రబడింది. ఫోను బ్యాగులో పెట్టేసి, మళ్ళీ తీసి, కొడుక్కు ఫోను చేస్తూ బయటికి వెళ్ళింది.

ఇది చదివి పట్నం తల్లి ఓడింది, అడవి తల్లి గెలిచింది అనుకోకండి తమ్ముళ్ళూ. ఆ పిల్లవాడూ బాగానే ఉన్నాడు. కడుపునిండా తింటూనే ఉన్నాడు. ఇద్దరూ మంచి తల్లులే. వాళ్ళ మధ్య రెండు ఊళ్ళూ తెలిసిన మనిషి ఒకడున్నాడు. వాడి పని వాడు చేయలేదు.

గూడేనికి మనిషిని పంపి చూసి రమ్మంటామని, మూడు రోజులు ఆగమని పెద్ద మేడమ్ చెప్పింది. వరండాలోకి వచ్చాక తల్లి మూట సర్దుకుంటూ నాతో ఒక్కటే మాట అంది. "మా అత్త నిన్ను ఎరిగినోడు అన్నది." బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది. నేను వెనకే పోవాలో వద్దో తెలియక ఆ గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాను.

మూడో రోజు పిల్లను అప్పగించారు. ఒక స్నేహితుడి బండి అడిగి తీసుకుని నేనూ వెళ్ళాను, ఇంటిదాకా దింపుదామని. పేలు పడ్డాయని పిల్లకు జుట్టు తీయించారట. తల్లి ఆ తల మీద చెయ్యి పెట్టి తడుముతూనే ఉంది. పిల్ల ఏడవలేదు, నవ్వలేదు, తల్లి చెవి గట్టిగా పట్టుకుంది. నేను కారు తలుపు తీసి నిలబడితే తల్లి చూసింది. "బస్సుకు పోతం" అంది.

సేటు నెల రోజులు నన్ను పిలవలేదు. తర్వాత పిలిచాడు కానీ టూరిస్టులను ఇవ్వలేదు. దవాఖానా ట్రిప్పులు వేశాడు. జబ్బుమనుషులు తమ ఊరు గురించి గొప్పలు పోరు, నాకు అదే హాయిగా ఉండేది. ఏడాది గడిచాక మళ్ళీ టూరిస్టులు వచ్చారు. అప్పటి నుంచి ఎవరేమడిగినా, తెలియనిది తెలియదన్నాను. తెలిసింది విసుగు పుట్టేదాకా చెప్పాను. ఈ భాయ్ మాటలెక్కువ అని ఒకరిద్దరు సేటుకు చెప్పారు కూడా. మీ మీద కూడా చెబుతారు, చెప్పనివ్వండి.

పిల్ల ఇంటికొచ్చిన ఆ ఏడే, వానలు తగ్గాక ఒక ఆదివారం బస్సు దిగి గూడేనికి నడిచి వెళ్ళాను. బండి లేకుండా, ఎవరినీ వెంటబెట్టుకోకుండా. తల్లి పొలంలో ఉంది. ముసలమ్మ అరుగు మీద గంప అల్లుతోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎదురుగా నిలబడి నాకు వచ్చిన ఆమె భాషలో తప్పయిందని చెప్పాను. ఆమె గంప తిప్పుకుంటూ విన్నది.

పిల్ల ఇంటి వెనక నుంచి వచ్చింది. జుట్టు చెవుల దాకా పెరిగింది. నన్ను, నా ప్యాంటును, చొక్కాను పైనుంచి కిందికి చూసింది. గబగబా లోపలికి వెళ్ళి, తన నడుమంత ఎత్తున్న వంటకుండను రెండు చేతులతో ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చింది. మూత తీసి, లోపల ఉన్నది నాకు కనబడేట్టు వంచి పట్టుకుంది. నిండుగా అన్నం ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు.

"ప్యాంటేస్కున్నోళ్ళు ఎవలొచ్చినా గిట్లనే చూపెడతది" అంది ముసలమ్మ, తలెత్తకుండా.

చూశానమ్మా, చూశాను అని పిల్లతో అన్నాను. చేతులు నొప్పి పుడుతున్నా అది కుండ వదల్లేదు.